ఎడమ చెవి కింద తీగ

వెర్నా స్టకీ జన్మలో విమానంలోంచి దూకలేదు. అరిజోనా ఎడారిలో, దూకేవాళ్ళ మైదానం అంచున, రేకుల బండిలో పదిహేడేళ్ళుగా కాపురం ఉంటూ, వాళ్ళ హెల్మెట్లకు కెమెరా తీగలు కట్టడమే పనిగా పెట్టుకున్న మనిషి ఒక్కసారి కూడా దూకలేదంటే కొత్తవాళ్ళు నమ్మేవారు కాదు. ఎవరైనా ఆట పట్టిస్తే, కాళ్ళు నేల మీద ఉంటేనే తన చేతులు పనిచేస్తాయని చెప్పి ఊరుకునేది.

అంతకుముందు ఆమె ఇరవై ఎనిమిదేళ్ళు టెలిఫోన్ ఎక్స్చేంజిలో పనిచేసింది. వేల తీగల్ని కట్టలు కట్టి, మైనపు దారంతో అంగుళానికో ముడి వేసే పని. మోకాళ్ళ నొప్పులకు పొడి గాలి మంచిదని ఎవరో చెబితే, ఉద్యోగం మానేశాక ఈ ఎడారికి వచ్చి పడింది. బండికి కూలర్ తనే బిగించుకుంది. ఆ కూలర్ తీగలు కట్టిన తీరు చూసి ఒక దూకేవాడు ముచ్చటపడి, టేపులు వేలాడుతున్న తన హెల్మెట్ తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టాడు. ఆ తర్వాత ఆమె బల్ల మీద హెల్మెట్ లేని రోజు లేదు.

ఆమె పరీక్ష ఒకటుండేది. పని అయ్యాక బారెడు పారాచూట్ తాడు తీసుకుని, కళ్ళు మూసుకుని, హెల్మెట్ చుట్టూ మూడుసార్లు లాగేది. పారాచూట్ విచ్చుకునేటప్పుడు తాళ్ళు తల పక్కనుంచే దూసుకుపోతాయి. వాటిలో ఒక్కటి కెమెరా తీగకు తగులుకుంటే పారాచూట్ సరిగా విచ్చుకోదు, మనిషి మెడ విరుగుతుంది. అందుకే తాడు ఎక్కడ ఆగినా కట్టిందంతా విప్పి మళ్ళీ మొదలుపెట్టేది. బతిమాలినా వినేది కాదు, కోప్పడినా వినేది కాదు. మొండిఘటమని పేరొచ్చింది. నిజం చెప్పాలంటే ఆ పేరంటే ఆమెకు లోలోపల గర్వమే.

ఆ అక్టోబరులో ముప్పయ్యారు మంది ఆడవాళ్ళు గాలిలో చేతులు పట్టుకుని పువ్వులా ఏర్పడి రాష్ట్రం రికార్డు కొట్టాలని వచ్చారు. వాళ్ళను ఫొటో తీసే పని జోడీ ఆర్మెంటాది. ఇరవై తొమ్మిదేళ్ళ పిల్ల, వెర్నా కట్టిన హెల్మెట్ తప్ప ఇంకోటి తల మీద పెట్టదు. పళ్ళతో చిన్న స్విచ్చి కొరికితే నెత్తి మీద కెమెరా ఫొటో తీస్తుంది. ఎవరి చెయ్యి ఎవరిని పట్టుకుందో వీడియోలో సరిగా ఆనదు కాబట్టి, ఫొటో ఉంటేనే రికార్డు ఒప్పుకుంటానని న్యాయనిర్ణేత ముందే చెప్పేశాడు.

రెండు రోజుల్లో ఆరుసార్లు దూకారు. ప్రతిసారీ ఎవరో ఒకరి చెయ్యి అందలేదు. మూడో రోజు ఆఖరిది. పడమట మబ్బు లేస్తోంది. ఆ ఉదయం జోడీ ఎడమ చెంప వాచి వచ్చింది. ముందు రోజు సాయంత్రం ఎడమవైపు పన్ను పీకించుకుందట. అటువైపు కొరకలేను, స్విచ్చి కుడివైపుకు మార్చమంది.

తీగ కుడి నుంచి గడ్డం మీదుగా ఎడమకు వచ్చేది కాబట్టి, స్విచ్చి కుడివైపుకు మారిస్తే నాలుగు వేళ్ళు మిగిలింది. కొత్త తీగ వేసే వ్యవధి లేదు. మిగిలినదాన్ని వెర్నా మడిచి ఎడమ చెంప దగ్గర హెల్మెట్ లోపలి మెత్త కిందికి దోపి, అటూ ఇటూ ముళ్ళు వేసింది. కళ్ళు మూసుకుని తాడు లాగింది. మూడుసార్లూ జారిపోయింది. మైకులో పిలుపు వచ్చింది, జోడీ హెల్మెట్ చంకలో పెట్టుకుని పరుగెత్తింది.

వెర్నా దారం ఉండ చుట్టుకుంటూ కిటికీలోంచి చూసింది. విమానం తలుపు దగ్గర జోడీ హెల్మెట్ పెట్టుకుని పట్టీ బిగించుకుని పక్కకు తిరిగింది. ఎడమ చెవి కింద, టీ కప్పు పిడిలా, నల్లగా ఏదో వంపు. మరుక్షణం ఆమె లోపలికి ఎక్కేసింది.

నీడేమో అనుకుంది వెర్నా. నీడే అయ్యుంటుందని తనకు తాను సర్దిచెప్పుకుంది. తాడు మూడుసార్లూ జారింది కదా అనుకుంది. అప్పుడు తట్టింది, తాను తాడు లాగింది ఖాళీ హెల్మెట్ మీద అని. ఇన్నేళ్ళూ ఖాళీ హెల్మెట్ మీదే లాగింది, ఏనాడూ తేడా రాలేదు. కానీ ఏనాడూ ఎవరూ వాచిన చెంపతో రాలేదు. ఆ చెంప మెత్తను తోస్తే, మెత్త కింద దోపిన తీగ బయటికి రాక ఎక్కడికి పోతుంది?

వాళ్ళందరూ ఎక్కిన రెండు విమానాలూ అప్పటికే లేచాయి. పైకి చేరడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. చెబితే రికార్డు పోవచ్చు. చెప్పకపోతే పిల్ల పోవచ్చు. లెక్క అంత తేలికైనా ఆమె అక్కడే నిలబడిపోయింది. నీడే అయితే ముప్పయ్యారు మంది ముందు నవ్వులపాలు అవుతుంది. అలా ఎంతసేపు నిలబడిందో తర్వాత ఎవరడిగినా ఆమె చెప్పలేదు. ఆ సిగ్గు ఆమెను చివరిదాకా వదల్లేదు.

మోకాళ్ళు మొరాయిస్తున్నా ఎండలో పడి వెండెల్ బల్ల దగ్గరికి వెళ్ళింది. ఎవరు ఏ విమానంలో ఎక్కాలో రాసేది అతనే. రేడియో కూడా అతని దగ్గరే ఉంటుంది.

"ఏంటి వెర్నా, కుక్క వెంటపడ్డట్టు వస్తున్నావ్?"

"జోడీ ఎడమ చెవి కింద తీగ బయటికొచ్చింది. పైలట్‌కి చెప్పు."

"కళ్ళారా చూశావా?"

"చూశాననే అనుకుంటున్నా."

"అనుకుంటున్నావా?" వెండెల్ టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. "ఇంకో గంటలో మబ్బు కమ్మేస్తుంది. ఇదే ఆఖరిసారి. నువ్వేదో అనుకున్నావని ఆ పిల్లని ఇప్పుడు కంగారుపెట్టమంటావా?"

"ఖాళీ హెల్మెట్‌కి తాడు లాగాను వెండెల్. తల పెట్టించి చూడలేదు. తప్పు నాది. నాదేనని చెప్పు, కానీ చెప్పు."

పదిహేడేళ్ళలో ఆ మాట ఆమె నోట ఎవరూ వినలేదు. వెండెల్ రేడియో అందుకున్నాడు. కాసేపటికి పైలట్ గొంతు వచ్చింది. వెనక్కి చెప్పించానన్నాడు. ఆ హోరులో ఒకరి చెవిలో ఒకరు అరుచుకుంటూ మాట విమానం చివరిదాకా వెళ్ళాలి. వెళ్ళిందో లేదో తెలియదు. మళ్ళీ అడగమంటే వెండెల్ తల అడ్డంగా ఊపాడు. తలుపు తీసేశారట.

తల వెనక్కి వాల్చి చూసింది. నీలంలో చుక్కలు పుట్టాయి, ఒకదానివైపు ఒకటి జరిగాయి. వెండెల్ దూరదర్శినిలోంచి చూస్తూ, కలిశారు, అందరూ కలిశారు అన్నాడు. ఆమెకు అది చెవికెక్కలేదు. పువ్వు విడిపోయింది. పారాచూట్లు ఒక్కొక్కటే విచ్చుకుంటుంటే వేలితో లెక్కపెట్టింది. ముప్పయ్యారు. జోడీది నారింజ రంగు, అది లేదు.

అప్పుడు కనిపించింది. చాలా కింద, మెలిపడిన గుడ్డలా, ఒకవైపే విచ్చుకుని గిరగిరా తిరుగుతోంది. వెర్నా వెండెల్ చొక్కా పట్టుకుంది. పారాచూట్ ఒక మెలి విప్పుకుంది, ఇంకోటి విప్పుకుంది, దులిపినట్టు నిండుగా తెరుచుకుంది. చొక్కా గుండీ ఒకటి ఆమె చేతిలోకి ఊడి వచ్చింది.

మైదానమంతా కేకలు, కావలింతలు. ఆ సంతోషం జోడీ నోరు విప్పేదాకానే. కబురు అందగానే చేతి తొడుగుల్తో తీగ వెనక్కి దోపబోయిందట, దూరలేదు. నడుముకుండే కొక్కెం కత్తితో తీగను రెండు చోట్ల కోసి ఆ ముక్కను జేబులో వేసుకుందట. వీడియో ఉంది. స్విచ్చి తీగ తెగింది కాబట్టి ఫొటో ఒక్కటీ లేదు. న్యాయనిర్ణేత వీడియో రెండుసార్లు చూసి తల అడ్డంగా ఊపేశాడు. అప్పటికి మబ్బు కమ్మేసింది.

ఎవరూ వెర్నాను మొహం మీద ఒక్క మాట అనలేదు, అదే ఆమెకు కష్టంగా ఉంది. ఆ మైదానంలో తప్పు చేసినవాళ్ళు అందరికీ బీరు పెట్టె కొనిపెట్టడం ఆనవాయితీ. ఆమె కొని తెచ్చి బల్ల మీద పెట్టింది. యూమా నుంచి సెలవు పెట్టుకుని వచ్చిన ఒకావిడ, ముసలామె నీడ చూసి జడుసుకుందని పక్కావిడతో అంటుంటే వినపడింది. పెట్టె విప్పకుండానే అందరూ సామాను సర్దుకుని వెళ్ళిపోయారు.

మర్నాడు పొద్దున జోడీ వచ్చింది. హెల్మెట్ బల్ల మీద పెట్టి ఎడమవైపు తిప్పింది. చెవి కింద నిగనిగలాడే నలుపు మీద తెల్లటి గీత, తాడు ఒరుసుకుపోయిన గీత. కోసేసిన తీగ మొన సరిగ్గా అక్కడే ఉంది.

"ఇది నిన్నటిదాకా లేదు," అంది జోడీ. "పారాచూట్ మెలిపడినప్పుడు తాడు తగిలింది. తీగ అలాగే ఉండుంటే పట్టుకునేదే. పద, అందరికీ ఫోన్ చేసి చెబుదాం. ఆ యూమా ఆవిడకి నేనే చెప్తా."

వెర్నా గీత పొడవునా బొటనవేలు జరిపింది.

"వద్దు. తాడు తగిలినా తగలకపోయినా నేను కట్టింది తప్పే. నువ్వు బతికావు కాబట్టి నేను చేసింది ఒప్పు అయిపోదు."

కొత్త తీగ తీసి, కుడివైపుకు కొలిచి, మిగలకుండా కత్తిరించింది. అంగుళానికో ముడి వేసింది. అయ్యాక జోడీని కుర్చీలో కూర్చోబెట్టి, హెల్మెట్ పెట్టి, పట్టీ బిగించి, స్విచ్చి నోట్లో పెట్టుకోమంది. వాచిన చెంప మెత్తను తోసింది. వెర్నా కళ్ళు మూసుకుని తాడు లాగింది. మూడుసార్లూ జారిపోయింది.

స్విచ్చి పళ్ళ మధ్య ఉండగానే, అయిందా అని జోడీ గొణిగింది.

"కదలకు," అని వెర్నా నాలుగోసారి తాడు లాగింది.