కుంచంలో ఫోను, కొండమీద గురుశుక్రులు

మా ఆడపడుచు కూతురి పెళ్ళి మాట వస్తే చాలు, ఇంటిల్లిపాదీ ఒకటే కథ చెబుతారు. గురుడూ శుక్రుడూ ఆ పిల్లను దీవించడానికే ఆకాశంలో పక్కపక్కన వచ్చి నిలబడ్డారట. గ్రహాలకు అంత తీరిక లేదు. ఆ పెళ్ళి కుదిరింది నా ఫోను వల్ల, ఒక కుంచెడు బియ్యం వల్ల.

నక్కపల్లి సంబంధం పిల్లకు నచ్చింది, అబ్బాయికీ నచ్చింది. పిల్ల తండ్రి మాత్రం ఏదీ తేల్చకుండా నాన్చుతున్నారు. ఆ వారంలో తాంబూలాలు పుచ్చుకోకపోతే వేరే సంబంధం చూసుకుంటామన్నారు అటువాళ్ళు. పిల్లకు అన్నం సయించడం మానేసింది. సరిగ్గా అప్పుడు పిల్ల తల్లి, అంటే మా వదిన, మా ఇంటికొచ్చి అడ్డుపుల్ల వేసింది.

"మూఢం వచ్చీసిందమ్మా. గురుడూ లేడు, సుక్రుడూ లేడు. ఇప్పుడు తాంబూలాలేటి?"

ఆ రెండు గ్రహాల్లో ఏదైనా సూర్యుడి దగ్గరికి చేరి కనబడకుండా పోతే మూఢం, శుభకార్యాలు ఆపేస్తారు. కనబడకపోతే కదా! వడియాలు ఎత్తడానికి డాబా ఎక్కినప్పుడల్లా చూస్తూనే ఉన్నాను. కొయ్యూరు వైపు కొండల మీద ఇద్దరూ చాడీలు చెప్పుకుంటున్నంత దగ్గరగా చేరి మెరిసిపోతున్నారు.

"పైకొచ్చి చూడండి వదినా."

"నా మోకాళ్ళు మెట్లెక్కవు. నువ్వు సెప్తే నమ్మీయాలా?"

వీధిలోంచి చూపిద్దామంటే ఎదురింటివాళ్ళ మూడంతస్తులు అడ్డం. ఇక ఫోటోయే గతి. మొదటిసారి చెయ్యి వణికింది.

"ఏటే ఇవి, గ్రహాలా, వానపాములా?" అన్నారు మా ఆయన.

కుంచం నిండా బియ్యం పోసి, ఫోనును అందులో నిలువుగా గుచ్చి, టైమరు పెట్టాను. కబురందుకున్న పిల్ల మెట్లమీద పరుగెత్తుకొచ్చింది. "బేగి తియ్యత్తా, కొండెనక్కి దిగిపోతన్నారు!"

పక్క డాబా ఆవిడ బియ్యంలో ఫోను చూసి జాలిపడింది. "తడిసిపోయిందేటండీ?"

"లేదండీ. మీ లైటు ఆర్పితే పెళ్ళి కుదురుతుంది."

ఏమీ అర్థం కాకపోయినా ఆర్పేసింది. ఆ చీకట్లో మా ఆయన వడియాల మీద కాలేశారు. ఆ తిట్లు ఇక్కడ రాయను.

ఫోటో మాత్రం నిలకడగా వచ్చింది. కింద కొండ, సెల్ టవరు, పైన రెండు చుక్కలు. కుటుంబం గ్రూపులో పెట్టాను. ఇంటికి చేరిన వదిన దగ్గర్నుంచి వెంటనే వాయిస్ మెసేజి.

"అవి యిమానం లైట్లు."

"విమానమైతే మీరు మెట్లెక్కేదాకా ఆగదు వదినా!"

పిల్ల తండ్రి పెళ్ళైన నాటినుంచీ వదిన ఔనంటే కాదనే మనిషి. నలుగురిలో ఆవిడ మాట తప్పని తేల్చే అవకాశం వదులుకుంటారా? "మూఢం లేదు, ఏం లేదు. ఎల్లుండే తాంబూలాలు" అని గ్రూపులో పెట్టేశారు.

పొద్దున్నే గెలిచిన ముఖం చూపించడానికి వదిన ఇంటికి వెళ్ళాను. మంచం మీద పిల్ల పట్టుచీర, ఫాల్ కుట్టేసి ఉంది. పక్కన జాకెట్టు, చేతులకు మగ్గం పనితో సహా. మా ఊళ్ళో ఏ టైలరూ రాత్రికి రాత్రి జాకెట్టు ఇచ్చిన పాపాన పోలేదు. పైగా పంచాంగం చూడటానికి వదిన పెట్టింది పేరు. మూఢం ఎప్పుడని వీధి వీధంతా ఆవిడనే అడుగుతుంది.

"ఇవెప్పుడు కుట్టడానికిచ్చారు వదినా?"

"టీ తాగుతావేటి?"

పెళ్ళై పిల్ల కాపురానికి కూడా వెళ్ళిపోయింది, నాకు మాత్రం టీయే దొరుకుతోంది. ఆవేళ ఆవిడ మూఢమన్నది తాంబూలాలు ఆపడానికా, నా నోటి సంగతి తెలిసి నన్ను డాబా ఎక్కించడానికా?