సాంచెలు ఆగిన సినిమా

పొద్దున్నే మా వియ్యంకుడు ఫోనులో ఒక పోస్టర్ పంపాడు. నల్లటి బొమ్మ మీద ఎర్రటి అక్షరాలు, వాటి నుంచి నెత్తురు కారుతున్నట్టు గీతలు. దాని వెనుకే ఆయన గొంతు: "బావా, ఈయేడు సుత దయ్యాల సినిమాలకు నువ్వే జడ్జివి. వద్దనకు." కోరుట్లలో పెన్షన్ మీద బతుకుతున్న నాలాంటి పాత గుమాస్తాకు ఈ పదవి ఎలా దక్కిందా అని ఇప్పటికీ నాకు వింతగానే ఉంటుంది. నిరుటి డైరీ తీసి ఆ పేజీలు మళ్లీ చదువుకున్నాను.

మా వియ్యంకుడికి జగిత్యాలలో ఫొటో స్టూడియో ఉంది. పెళ్లి వీడియోలు తీసీ తీసీ విసిగిపోయి, చుట్టుపక్కల పిల్లలు సొంత ఖర్చుతో తీసే చిన్న సినిమాలకు పోటీ పెట్టాడు. భయపెట్టేవే కావాలన్నాడు. వాటికి పాటలూ అక్కర్లేదు, హీరోయినూ అక్కర్లేదు, చీకటి ఉంటే చాలని ఆయన లెక్క. చూసిన ప్రతి సినిమా గురించీ డైరీలో నాలుగు ముక్కలు రాసుకునే నా అలవాటు ఆయనకు తెలుసు కాబట్టి నన్ను పట్టుకున్నాడు. నేను ఏ పనినైనా పద్ధతిగా చేసే మనిషిని. గళ్లు గీసిన కాగితం మీద కథకు, నటనకు, శబ్దానికి, భయానికి విడివిడిగా మార్కులు పెట్టుకుని వెళ్లాను. "భయానికి సుత మార్కులేస్తవా బావా? థర్మామీటర్ తెచ్చుకున్నవా?" అని నవ్వాడు. అయితే శబ్దం పోయిన సినిమాను పోటీలోంచి తీసెయ్యాలన్న నియమం మాత్రం ఆయనే పెట్టాడు.

జగిత్యాలలో కొన్ని, కోరుట్లలో కొన్ని చూశాం. మెట్‌పల్లి పిల్లలు పసుపు బస్తాల మధ్య తీసిన దయ్యం ఒళ్లంతా పసుపై పెళ్లికూతురిలా మెరిసిపోయింది, పైగా మాటిమాటికీ తుమ్మింది. కొడిమ్యాల దయ్యం తెల్లచీర కట్టుకుని, చేతికి గడియారం పెట్టుకుని వచ్చింది. "టైముకు రావాలె గద బావా" అన్నాడు వియ్యంకుడు. నవ్వామే గానీ, బీట్‌రూట్ రసంతో నెత్తురును, టార్చిలైటుతో వెన్నెలను పుట్టించిన ఆ పిల్లలను తలుచుకుంటే నాకు లోలోపల ఆశ్చర్యంగానే ఉండేది. మా వయసులో మేం సినిమా చూసి వచ్చేవాళ్లం. తీయవచ్చన్న ఆలోచన కూడా మాకు రాలేదు.

చివరి ఆట సిరిసిల్లలో. మా అక్కను ఇచ్చింది ఆ ఊరికే. మరమగ్గాలను అక్కడ సాంచెలంటారు. అక్క ఇంటి గోడకు ఆనుకునే వాళ్ల షెడ్డు ఉంటుంది, మా మేనల్లుడు నడుపుతాడు. వెళ్లినప్పుడల్లా ఆ టకటకలకు నాకు తల పగిలిపోతుంది. అక్క మాత్రం ఆ చప్పుడులోనే వండుతుంది, నిద్రపోతుంది, గుసగుసలు కూడా ఆడుతుంది. ఆ రోజు అక్క ఇంట్లో అన్నం తింటుంటే పక్కింటి అమ్మాయి వచ్చి నిలబడింది. ఆమె తండ్రి కూడా సాంచెలు నడిపేవాడే.

"గీ పిల్ల సుత సినిమా తీసింది తమ్మీ" అంది అక్క. "ఇంతకుముందు వేరే పోటీలకు పంపినయన్ని ఎనుకకచ్చినయ్. గిది సుత వద్దంటే మళ్ల కెమెరా ముట్టనని వాళ్ల నాయినకు మాటిచ్చింది. బట్టలు కుట్టే కంపెనీల చేరుతదట."

"పైరవీ నడువదక్కా" అన్నాను.

"పైరవీ గాదురా, సంగతి చెప్తున్న. కూర ఏసుకో."

మధ్యాహ్నం ఫంక్షన్ హాలు కిటికీలు మూసి, దుప్పట్లు కట్టి ఆట మొదలుపెట్టారు. హాలు నిండా నేతపనివాళ్ల కుటుంబాలే. అక్క నా పక్కన కూర్చుంది. ఆ అమ్మాయి సినిమాలో ఒకే ఒక వంటిల్లు, ఒకే ఒక ఆడమనిషి. గోడ అవతల సాంచెలు మోగుతుంటే ఆమె కూర కలుపుతోంది. ఉన్నట్టుండి శబ్దం పోయింది. తెరమీద ఆమె గరిటె ఎత్తి పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఎంతసేపటికీ చప్పుడు లేదు. నేను శబ్దం గడిలో సున్నా వేశాను. వియ్యంకుడు గొణుక్కుంటూ లేచి స్పీకరు వైరు కదపసాగాడు.

అక్క నా మణికట్టు పట్టుకుంది. "తమ్మీ, ఫ్యాను తిరుగుతున్నది సూడు" అంది.

తెరమీద వంటింటి ఫ్యాను తిరుగుతూనే ఉంది. అప్పుడు అర్థమైంది. కరెంటు పోతే అన్నీ ఆగుతాయి, ఎవరూ కంగారుపడరు. కరెంటు ఉండగా పని మధ్యలో సాంచెలు ఆగాయంటే, ఆ గోడ అవతల మనిషికి ఏదో అయింది. అప్పుల బాధకు ప్రాణాలు తీసుకున్న నేతగాళ్లను ఎందరినో చూసిన ఆ ఊళ్లో అది ఎవరికీ చెప్పనక్కర్లేదు.

తెరమీద ఆమె నెమ్మదిగా తలుపు దగ్గరికి నడిచి గొళ్లెం మీద చెయ్యి వేసింది. తీయలేదు. హాల్లో ఎవరూ అరవలేదు. వెనుక నుంచి ఒకాయన లేచి, దుప్పటి లాగి, కిటికీ తెరిచాడు. ఎండ తెరమీద పడి బొమ్మ వెలిసిపోయింది. అందరూ తెరను వదిలేసి కిటికీ వైపు చెవులు పెట్టారు. దూరంగా వీధిలోని సాంచెల చప్పుడు లోపలికి వచ్చింది. అయినా అక్క ఆగలేక ఫోను తీసింది: "నడుస్తున్నయా కొడుకా? ఏం లేదు, ఉట్టిగనే అడిగిన. పెట్టెయ్." చుట్టూ ఇంకా కొందరు అదే పని చేస్తున్నారు. ఆ గొళ్లెం మీది చేతితోనే సినిమా అయిపోయింది.

"సౌండ్ పోయింది. రూల్ ప్రకారం తీసెయ్యాలె" అన్నాడు వియ్యంకుడు.

అమ్మాయి వెనుక వరుసలోంచి లేచింది. "సౌండ్ పోలేదు సార్. సాంచెలు బందయినయ్. గంతే పెట్టిన."

"మరి దయ్యమేది బావా?" అన్నాడాయన నా వైపు తిరిగి.

"నీకూ నాకూ కనవడలే. ఇగో, గీళ్లందరికి కనవడ్డది" అన్నాను.

ఆయన హాలంతా చూశాడు. ఫోన్లు ఇంకా చెవుల దగ్గరే ఉన్నాయి. ఒక ముసలామె కళ్లు తుడుచుకుంటోంది. తన జీవితంలో ఎన్నో వేల మంది ముఖాలను ఫొటోలు తీసినవాడు, చేతిలోని వైరును మెల్లగా కింద పెట్టాడు. "ఫస్ట్ ఇదే బావా. రాసెయ్" అన్నాడు చివరికి. నేను శబ్దం గడిలో సున్నా కొట్టేసి నిండు మార్కులు వేశాను.

అమ్మాయి చప్పట్లు వినిపించుకోలేదు. నా దగ్గరికి వచ్చి, "అంటే మళ్లొకటి తియ్యచ్చా సార్?" అని అడిగింది. నేను చెప్పేలోపే, దూది పింజలు జుట్టునిండా అంటుకున్న ఆమె తండ్రి వెనుక నుంచి అన్నాడు: "తియ్యి బిడ్డా. కానీ ఈసారి సాంచెలు ఆపకు."

నలభై ఏళ్లుగా ఆ ఊరికి వచ్చిపోతూ, ఆ చప్పుడును భరించానే తప్ప ఒక్కనాడూ వినలేదు. ఆ చప్పుడులాగే, నడుస్తున్నంతసేపు కాలం కూడా మన చెవుల పక్కనుంచి పోతూ ఉంటుంది. దాన్ని ఒక్క క్షణం ఆపి మనకు వినిపించాలంటే, ఎక్కడో ఒక పిల్ల పుట్టి రావాలి కాబోలు.