స్టెల్లా సిస్టర్ తూకం

2023 జూలై 18, మంగళవారం. కేసు షీటులో బరువు గడిలో ఉన్న అంకె: 58.

ఆ అంకె స్టెల్లా రాసింది కాదు. తిరుపతిలోని ఆ చిన్న నర్సింగ్ హోమ్‌లో ఆమె పద్నాలుగేళ్లుగా నర్సు. రోజూ పాకాల నుంచి రైల్లో వచ్చి పోతుంది. రోగిని తానే తూచనిదే మత్తు సూదికి ట్రే సర్దదు. ఇక్కడికి రాకముందు, నర్సుగా చేరిన తొలి ఏడాది, వేరే ఊళ్లో, గడ్డ కోయించుకోవడానికి వచ్చిన ఒక బక్క మనిషి చెవుల్లో గుయ్యిమంటోందన్నాడు. మరుక్షణమే ఫిట్స్ వచ్చాయి. బతికాడు గాని, అతనికి మందు అంచనాగా ఇచ్చారన్న సంగతి స్టెల్లా మరచిపోలేదు.

ఆ రోజు వచ్చిన కుప్పమ్మది ఏర్పేడు దగ్గర పల్లె. వయసు అరవై దాటింది. భుజం మీద ఒకటి, వీపు మీద ఒకటి కొవ్వు గడ్డలు. గడ్డి మోపు ఎత్తుకోలేకపోతోంది. రెండూ ఆ పూటే తీయించుకుని పోవాలని వచ్చింది. రిసెప్షన్‌లో ఉన్న మహిత, కుప్పమ్మ చెప్పిన బరువునే రాసుకుంది.

"ఎప్పుడు తూచినారు పెద్దమ్మా?" అని అడిగింది స్టెల్లా.

"కొండ మింద పాపా. తులాభారం మొక్కు తీర్చినాం. నా ఎత్తు బెల్లం, యాభై ఎనిమిది కిలోలు."

"ఎన్నాళ్లయింది?"

"మనవరాలికి చెవులు కుట్టినప్పుడు. నాలుగేండ్లాయె."

ఈ నాలుగేళ్లలో ఆమెకు షుగరు వచ్చింది. జాకెట్టు చేతులు వదులుగా వేలాడుతున్నాయి.

"ఒకసారి మా మిషను ఎక్కండి."

"సామి త్రాసు కంటే నీ మిషను గొప్పదా? సిలువోళ్ల పిల్లవి, తులాభారం సంగతి నీకేం తెలుస్తాది!"

స్టెల్లా నవ్వింది. "సామి త్రాసు తప్పని ఎవురన్నారు? ఆ పొద్దు అంతే ఉంటిరి. ఈ పొద్దు ఎంతుండారో సూస్తాం. మీరు మిషను ఎక్కేదానికి గూడా నేను మొక్కుకోవల్లనా?"

కుప్పమ్మ గొణుగుతూనే ఎక్కింది. ముల్లు నలభై ఒకటి దగ్గర ఆగింది.

లోపల డాక్టర్ దయానంద్ షీటులోని 58 చూసి, తానే రెండు సిరంజిల నిండా మత్తుమందు లాగి ఉంచాడు. "ఎంతసేపు సిస్టర్? ఇరవై మిల్లీలీటర్లూ సిద్ధం."

"ఆమె నలభై ఒక్క కిలోలే సార్."

అతని చెయ్యి ఆగింది. ఆ మత్తుమందు లిగ్నోకెయిన్; ఒంట్లోకి మెల్లగా ఎక్కేలా ఎడ్రినలిన్ కలిపినా, కిలో బరువుకు ఏడు మిల్లీగ్రాములు దాటకూడదు. ఆ సీసా మందులో మిల్లీలీటరుకు ఇరవై మిల్లీగ్రాములు. స్టెల్లా లెక్క వేసి చూపింది: కుప్పమ్మకు హద్దు పద్నాలుగు మిల్లీలీటర్లు.

డాక్టర్ ఒక సిరంజిని పక్కన పెట్టేశాడు. "మంచిపని చేసినారు సిస్టర్. ఈ పొద్దు భుజం మాత్రమే."

"ఒకటి తీసి ఒకటి ఇడిసిపెడతారా? సగం గొరిగిన గుండు మాదిరి!" అంది బల్ల మీది కుప్పమ్మ.

డాక్టర్ సూది గుచ్చిన ప్రతిసారీ పిస్టన్ వెనక్కి లాగి, రక్తం రావడం లేదని చూసుకున్నాకే మందు కొద్దికొద్దిగా ఎక్కించాడు. స్టెల్లా ఆమె చెయ్యి పట్టుకుని నిలబడింది.

"పెదాలు తిమ్మిరిగా ఉండాయా? చెవుల్లో మోతగా ఉండాదా? నోట్లో ఇనుము రుచి?"

"పొద్దున నమిలిన ఆకూవక్క రుచే ఉండాది. నన్ను పండుకోనియ్యవా పాపా?"

అరగంటలో నిమ్మకాయంత గడ్డ బయటికి వచ్చింది.

మరుసటి మంగళవారం వీపు గడ్డ కూడా తీశారు. ఆ రోజు కుప్పమ్మ వెంట ఆమె అన్న కొడుకు మునస్వామి, మణికట్టు మీది గడ్డ చూపించుకోవడానికి వచ్చాడు. బరువెంతని మహిత అడిగితే, "డెబ్బై ఉంటాది" అన్నాడు.

"ఉంటాది గింటాది కాదు, ఎక్కురా," అంటూ కుప్పమ్మే అతణ్ని మిషను మీదికి నెట్టింది. అరవై మూడు చూపింది. మహిత అదే రాసుకుంది.