చెప్పుల కిందికి వచ్చిన ధార

లింగమయ్య ధారకు సింహం మూతి పెట్టారన్న కబురు నాకు మొదట తెచ్చింది మా ఆడబిడ్డ. జాతర మొదటి రోజే పోయి వచ్చి, వాకిట్లోనే అందుకుంది.

"వదినా, మా పెద్దన్న సొంత పైసలతోని కట్టించిండు. నున్నటి టైల్సు, నోరు తెరిచిన సింహం. ఫొటోల మస్తు కొడుతుంది."

"నీళ్లు ఎట్ల వస్తున్నయి?"

"ఇంకా వస్తలేవు. వస్తయంట."

ఆ పెద్దన్నే మా బావ, ఆయనకు షాద్‌నగర్ దిక్కు ప్లాట్ల వ్యాపారం. ఏ జాగా అయినా హద్దురాయి పాతి పేరు రాస్తే తప్ప ఆయన కంటికి ఆనదు. పులుల అడవిలోకి సిమెంటు పోనీయరని, అన్నదానం బియ్యం బస్తాల నడుమ దాచి తీసుకుపోయాడట. దొంగతనంగా చేసిన పుణ్యాన్ని ఇంటింటికీ తిరిగి చెప్పుకున్న మనిషిని ఆయననే చూశాను.

జిల్లాల పేర్లు మారినా మేము ఇంకా పాలమూరు అనే అంటాం. అక్కడి నల్లమలలో లింగమయ్య ఉన్న గుట్టలకు కొన లేదు. పైన బల్లపరుపుగా ఉంటాయి. పైపొర గట్టి ఇసుకరాయి, నిండా పగుళ్లు. దాని కింద నల్లటి పలకరాయి, ఒకదాని మీద ఒకటి పేర్చిన రొట్టెల్లాగ. వానాకాలం నీళ్లు పగుళ్లలో దిగి, పలకరాయి దగ్గర ఆగి, పక్కకు నడిచి, నిండు ఎండల్లో గుట్ట పక్కటెముకల నుంచి బయటపడతాయి. బడి మొహం చూడని నాకు బాపు ఇంట్లోనే ఓనమాలు దిద్దించింది జాతర నుంచి తెచ్చిన పలకరాయి ముక్క మీదే. ఆ గుట్టకు నేను రెండు విధాల రుణపడి ఉన్నాను.

ఆ ఏడు మా అత్తమ్మ మంచం మీద నుంచి లేవలేదు. అంతవరకు ఒక్క జాతర తప్పని మనిషి. "బిడ్డా, ఒక్క గుటక తెచ్చిపెట్టు. గా నీళ్లు గొంతుల పడితే సాలు" అంది. ఇంకేమీ అడగలేదు. చెంబు తీసుకొని, ఆడబిడ్డను వెంటబెట్టుకొని బయల్దేరాను.

"వస్తున్నం లింగమయ్యో" అని అరుచుకుంటూ జనం లోయలోకి దిగుతున్నారు. కింద మా బావ సింహం. ధార వచ్చే పగులు మొత్తం సిమెంటుతో పూడ్చి, దాని మీద టైల్సు, టైల్సు మీద ఆయన పేరు, లింగమయ్య పేరు కంటే రెండింతల అక్షరాలతో. సింహం వెనుక కూర్చున్న పనివాడు కొనుక్కొచ్చిన క్యాన్ వంచుతుంటే, నోట్లోంచి నీళ్లు. ముందు నిలబడి బావ వీడియో తీయించుకుంటున్నాడు. క్యాన్ అయిపోగానే భక్తి కూడా అయిపోయింది.

"ఏందమ్మా గట్ల చూస్తవు? లోపల పైపు జామైంది."

"గుట్టల పైపు ఎక్కడిది బావా?"

ఆయన మూత తీయని నీళ్ల సీసా ఒకటి నా చేతిలో పెట్టాడు. "గిది తీస్కపో. అమ్మకేం ఎరుక? నీళ్లు నీళ్లే గదా."

మా ఆడబిడ్డకు అప్పుడు తెలివి వచ్చింది. "నీళ్లు నీళ్లే అయితే గింత దూరం ఎందుకొచ్చినవన్నా? మీ షాద్‌నగర్ల నల్లా లేదా?"

సీసా ఆయన సింహం కాళ్ల దగ్గరే పెట్టి, లింగమయ్యకు దండం పెట్టుకున్నాను. ఖాళీ చెంబుతో అత్తమ్మ ముందు ఎట్లా నిలబడాలో తోచలేదు.

అంతలో కింది మెట్టు నుంచి, అందరూ చెప్పులు విడిచే చోటు నుంచి, బూట్లు తొడుక్కోను దిగిన బావ కేక.

"ఎవడురా నా బూట్లల్ల నీళ్లు పోసింది?"

ఎవరూ పోయలేదు. పైన దారి మూసేస్తే నీళ్లు పలకరాయి వెంట ఇంకొంచెం నడిచి, కింద సందు చూసుకొని, సరిగ్గా ఆయన బూట్ల వెనుక బయటపడ్డాయి. దేవుడు ఆయనతో పంచాయితీ కూడా పెట్టుకోలేదు. పక్కకు జరిగాడు, అంతే. చెప్పులన్నీ అవతలికి నెట్టి, సందులో మోదుగాకు దోనెలా మడిచి పెట్టి, చెంబు నింపుకున్నాను. బావ బూట్లు వంచి పిండుకుంటున్నాడు. ఆ వీడియో ఎవరూ తీయలేదు.

ఇంటికి వచ్చి చెంచాతో పోశాను. గుటక దిగింది. అత్తమ్మ కళ్లు తెరిచి, "సింహం ఎట్లుందే?" అని అడిగింది.

"నోరు తెరుసుకొనే ఉంది అత్తమ్మా. గుక్కెడు నీళ్లు లేక మస్తు దూపైనట్టుంది."

నవ్వింది. ఆ నవ్వు చూడనిచ్చినందుకు లింగమయ్యకు ఇప్పటికీ దండం పెడతాను. ఆ ఎండాకాలం దాటలేదు ఆమె.

ధార ఇప్పుడు కింది మెట్టు దగ్గరే వస్తోంది. ఎప్పుడైనా ఆ లోయ దిగితే, చెప్పులు జర దూరంగా విడవండి. దోసిలి పట్టే ముందు మా అత్తమ్మను ఒక్కసారి తలుచుకోండి.