బాస్కెట్ అంటే తట్ట

గ్రౌండు నడిమి సగం గీత మీద నిలబడి, కండ్లు మూసుకొని, ఒంటి చేత్తోని ఇసిరిన బంతి రింగుకు తాకకుంట, సప్పుడు లేకుంట జాలిల నుంచి కిందికి జారిందంటే, కరీంనగర్, ఆదిలాబాద్ రెండు జిల్లాలల్ల ఆ పని చేసినోడు ఒక్కడే. ఆ ఒక్కడు నేనే. ఆట అయిపోవడానికి రెప్పపాటు టైం ఉన్నది. మేం ఒక్క పాయింటు ఎనుకబడి ఉన్నం. రెఫరీ విజిల్ నోట్లె పెట్టుకున్నడు, ఊదుడే తక్వ. గోదారికి ఇవతలి నుంచి పోయిన ఒక నేతగాని కొడుకు బొగ్గు బాయిల టీమును వాళ్ల గ్రౌండుల, వాళ్ల ఆఫీసర్ల ముంగట ఓడగొట్టిండు. జనం నన్ను భుజాల మీద ఎత్తుకొని రైల్వే స్టేషన్ దాక తీస్కపోయిన్రు. ఆ గుంపుల నా బూట్లు కూడ పోయినయి.

నలభై ఏండ్ల సంది ఈ కథ ఇట్లనే చెప్తున్న. ఆట నేర్వ వచ్చిన పిలగాండ్లకు చెప్పిన. మంథని బస్సుల పక్కన కూసున్నోళ్లకు, వాళ్లు పెద్దపల్లిల దిగేదాక చెప్పిన. ఒకసారి పండ్ల డాక్టరు నా నోట్లె చెయ్యి పెడితే, ఆ చెయ్యి తీసే దాక ఆగి మరీ చెప్పిన. చెప్పిన కొద్ది గీత ఎనుకకు జరుగుకుంట పోయింది. మొదట్ల రింగుకు నాలుగు అడుగుల దూరం ఉండె. తర్వాత పది అయింది. ఆఖరికి సగం గీత మీద ఆగింది. దాని ఎనుక పోతే ఎవ్వరు నమ్మరని నేనే ఆపిన.

జర సైసుండ్రి, కొంచెం తగ్గిస్త. సగం గీత కాదు, నాలుగు అడుగులే. కండ్లు తెరిచే ఉన్నయి. బూట్లు పోలేదు, ఎందుకంటే బూట్లే లేవు. ఇంక రెండు సంగతులున్నయి తగ్గించాల్సినయి. అవి చెప్పబుద్ధి అయితలేదు. జర తిరిగొచ్చి చెప్త.

మాది నేత ఇల్లు. మా బాపుది గుంట మగ్గం. గుంటల కాళ్లు పెట్టుకొని కూసుండి నెయ్యాలె. పన్నెండేండ్లకే నా కాళ్లు ఎంత పొడుగు పెరిగినయంటే, గుంటల పట్టకపోయేటివి. మోకాళ్లు పడుగుకు తగిలి దారాలు పుటుక్కున తెగేటివి. "వీన్ని నేను కన్ననా, కొంగ కన్నదా?" అనేటోడు బాపు తెగిన పోగులు ముడేసుకుంట. నిజాం రాజ్యం పోయి, మిలిట్రీ బండ్లు రోడ్ల మీద తిరుగుతున్న రోజులవి. మగ్గానికి పనికిరాని కాళ్లను ఏం చెయ్యాల్నో ఇంట్ల ఎవ్వరికి తెల్వలే.

తెలిసినోడు నా దోస్తు. కిరస్తానోళ్ల మిషన్ కాంపౌండు కావలాయన కొడుకు. నా ఈడోడే, నాకంటే జానెడు పొట్టి. కాంపౌండుల మిషన్ బడి ఎనుక ఒక కట్టె పాతి, దానికి కమ్మరోడు చేసిన ఇనుప రింగు కొట్టి ఉండె. దాంట్ల బంతి ఏసుడు నాకు నేర్పింది దోస్తే. "బంతిని సూడకురా, రింగును సూడు. బంతి ఎక్కడికీ పోదు, నీ చేతులనే ఉంటది," అనేటోడు. జాలి చినిగిపోతే మా బాపు మిగిలిన నూలుతోని కొత్తది అల్లిచ్చిండు. పనిమంతుడు గదా, పడుగుకు పెట్టినట్టే దానికి గంజి పెట్టిండు. మొదటి బంతి ఏస్తే ఆ జాలిల ఇరుక్కొని, గూట్లె పిట్ట కూసున్నట్టు కూసున్నది. కట్టెతోని పొడిచి దింపినం. దోస్తు నేల మీద పడి పొర్లి పొర్లి నవ్విండు. వాని నవ్వు అట్లుండె, కండ్లల్ల నీళ్లు వచ్చే దాక.

మా అవ్వకు ఈ ఆట పేరు చెప్పడానికి నేను పడ్డ బాధ ఇంతంత కాదు.

"బాస్కెట్ అంటే ఏందిరా?"

"తట్ట, అవ్వా."

"తట్టతోని మన్ను మోస్తరు, పెండ ఎత్తుతరు. దాంట్ల బంతి ఏసుడు ఏంది? ఎవలన్న ఇంటే నవ్విపోతరు."

అప్పటి సంది మా వాడకట్టుల దాని పేరు తట్ట ఆట. "ఏం పిలగా, తట్టకు పోతున్నవా?" అని ఆడోళ్లు నీళ్ల బిందెలు దించి మరీ నవ్వేటోళ్లు. ఆ మాట యాది పెట్టుకోండ్రి. నా బతుకు, దోస్తు బతుకు ఆ మాటల్నే ఇరుక్కున్నయి.

మీసాలు వచ్చినంక మా టీము గోదారి దాటి బొగ్గు బాయిల దిక్కు ఆడవోయింది. మా దిక్కు గనిని బాయి అంటరు, నీళ్ల బాయిని అన్నట్టే. అండ్ల కూడ దిగుడే ఉంటది గదా. ఆ ఆటనే నేను మొదట చెప్పింది. ఇగ ఆ రెండు సంగతులు చెప్త. ఆఖరి బంతి నా చేతులల్ల ఉన్నది నిజం. దోస్తు "ఇటియ్యిరా!" అని ఒర్రిండు. నేనిచ్చిన అని చెప్పుకున్నా బాగుండేది, అది కూడ కాదు. చెమటకు బంతి నా చేతుల నుంచి జారి వాని చేతులల్ల పడ్డది. నాలుగు అడుగుల దూరం నుంచి వాడు ఏసిండు. జనం భుజాల మీద ఎత్తుకున్నది వాన్ని. నేను కింద నడుసుకుంట, కండువ ఊపుకుంట పోయిన. పొడుగోన్ని కాబట్టి దూరం నుంచి సూసినోళ్లకు నన్ను కూడ ఎవలో ఎత్తుకున్నట్టు కనపడ్డదేమో.

ఆట సూసిన పెద్ద ఆఫీసరు మా ఇద్దర్ని తన టీములకు తీసుకున్నడు. పేరుకు లాంప్ రూంల పని. బాయి దిగెటోళ్లకు తలదీపాలిచ్చుడు, పైకొచ్చినంక తీసుకునుడు. అసలు పని ఆడుడే. జీతం తీసుకొని బంతి ఆడినోళ్లం మేం. అప్పట్ల అసొంటి నౌకరి ఉన్నదంటే మా బాపు సచ్చేదాక నమ్మలే. ఏడెనిమిదేండ్లు ఆడినం. దోస్తు పెండ్లి చేసుకున్నడు. వాని పెండ్లాము కూడ మిషన్ సంఘం ఆమెనే, నన్ను అన్నా అని పిలుస్తది. ఆదివారం గుడికి పోయొచ్చినంక నాకు అన్నం పెట్టేది. ఆ ఏండ్లు మంచిగుండె. వాటి గురించి ఎక్వ రాయను. నాకు అర్హత లేదు.

ఆ ఆఫీసరుకు బదిలీ అయింది. కొత్తగ వచ్చేటాయినకు ఆటలంటే గిట్టదని ముందే తెలిసింది. పోయేముంగట మా ఆఫీసరు మమ్ముల పిలిచి చెప్పిండు. "టీము ఉండదు. ఒక్కన్ని మాత్రం గ్రౌండు మీద కోచ్‌గా పెట్టి పోత. మిగిలినోళ్లు యాడ పనుంటె ఆడికి పోవాలె." యాడ పనుంటె ఆడికి అంటే బాయిలకే అని అందరికి తెలుసు. పెట్టేది ఎవరినో చెప్పలే. కాయిదం రాసి టైం కీపరుకు పంపిస్తనన్నడు. నేను పొడుగోన్ని, మాటకారిని, ఇంగ్లీషు నాలుగు ముక్కలు సదివినోన్ని. నన్నే అనుకున్న. ఆ వారం అంత కోచ్ నడిచినట్టు నడిచిన.

సోమవారం పొద్దుగాల హాజరేసే మస్టరు కాడ లైను కట్టినం. టైం కీపరు మహారాష్ట్ర దిక్కు ఆయన. వాని తెలుగుల సగం మరాఠీ. కాయిదం చేతుల పట్టుకొని, అద్దాలు ముక్కు మీదికి జార్చుకొని నన్ను పిలిచిండు.

"అరే లంబూ, ఇక్కడ రా. నీకు ఇంగ్లీష్ వస్తది కదా. హే కాయ్? బాస్కెట్ మంజే కాయ్ రే?"

బాస్కెట్ అంటే ఏందని అడుగుతుండు. కాయిదం మీద మా ఇద్దరివి రెండు వరుసలు. మొదట దోస్తు పేరు, దాని ఎదురుంగ 'బాస్కెట్' అని ఒక్కటే మాట. కింద నా పేరు, దాని ఎదురుంగ 'జనరల్', అంటే యాడ పనుంటె ఆడికి. ఆఫీసరు తొందరల ఉండి ఆ ముక్కలే రాసిపెట్టి పోయిండు. ఆయనకు అది సాలు. సదివేటోడు ఎవడని ఆయన ఆలోచించలే.

ఇప్పుడు రాసేది మూడో సంగతి. మొదట రెండే సంగతులన్న. అది కూడ అబద్ధమే.

నేను నవ్వులాటకు అన్న. "బాస్కెట్ అంటే తట్ట, సాబ్."

మా అవ్వకు చెప్పినట్టే చెప్పిన. మాటల తప్పు లేదు, ఏ బడి పంతుల్ని అడిగినా అదే చెప్తడు. కాని బొగ్గు బాయిల తట్ట అంటే ఒక్కటే అర్థం. బాయిల దిగి, పారతోని బొగ్గు తోడి, తట్టల ఎత్తి, పట్టాల మీద నడిచే ఇనుప టబ్బుల పోసెటోడు. టైం కీపరు నవ్వుతడనుకున్న. వాడు నవ్వలే. "ఠీక్. తట్ట," అని దోస్తు పేరు ఎదురుంగ రాసిండు. "నువ్వు జనరల్. బాయిలకు ఒకడు సాలు, నువ్వు పైననే ఉండు, లాంప్ రూంల." సిరా ఆరనీకి కాయిదం మీద ఊదిండు.

దోస్తు అప్పుడు గోడ కాడ సైకిల్ చైను ఎక్కిచ్చుకుంటుండు. దూరముండె. వానికి ఇనపడలే.

చెప్దామనుకున్న. ఒక్క మాట చెప్తే అయిపోయేది: సాబ్, అది ఆట పేరు, వాడే కోచ్, దిగాల్సింది నేను. ఆ ఆఖరి ముక్క కాడ నా నోరు ఆగింది. పొద్దుమీకి చెప్దామనుకున్న. తెల్లారినంక చెప్దామనుకున్న. దోస్తు తలదీపం కోసం నా కిటికీ కాడికే వచ్చిండు. నేనే ఇచ్చిన. "ఏందిరా ఇది, నన్ను తట్టకు ఏసిన్రు?" అన్నడు. "ఆఫీసోళ్ల మాట, ఎవలకు తెలుసు? నాల్గు రోజులల్ల సరి చేస్తరు, ఫికర్ చేయకు," అన్న. వాడు దీపం తలకు కట్టుకొని నన్ను కొంచెంసేపు సూసి పోయిండు. నెల తర్వాత కొత్త ఆఫీసరు గ్రౌండు మీదికి వచ్చి, "ఈడ ఆట నేర్పేది ఎవరు?" అని అడిగితే, నా చెయ్యి దానంతట అదే లేసింది.

వాడు బాయిల బొగ్గు ఎత్తిండు. ఏండ్లకు ఏండ్లు. నేను పిలగాండ్లకు, బంతిని కాదు, రింగును సూడుండ్రని నేర్పిన. ఒకనాడు రెండు టబ్బుల నడుమ వాని కుడి చెయ్యి పడ్డది. రెండు వేళ్లు పోయినయి, సూపుడేలు, నడిమేలు. బంతి ఇడిసిపెట్టేటప్పుడు ఆఖరికి తాకే వేళ్లు అవే.

దవాఖాన నుంచి వచ్చినంక ఒకసారి గ్రౌండుకు వచ్చిండు, చెయ్యి జేబుల పెట్టుకొని. నేను అప్పుడే ఆ ఆఖరి బంతి కథ చెప్తున్న పిలగాండ్లకు, నేనే ఏసినట్టు. వాన్ని సూసి కూడ ఆపలే. ఆపితే దొరికిపోత. వాడు మొత్తం ఇన్నడు. ఒక పిలగాడు, "కాకా, నువ్వు కూడ ఆడినవా?" అని బంతి అందిచ్చిండు. దోస్తు జేబుల నుంచి చెయ్యి తీసి ఏసిండు. బంతి మిగిలిన వేళ్ల మీద నుంచి జారి, వాని కాళ్ల కాడనే పడ్డది. పిలగాండ్లు నవ్విన్రు. నేను కూడ నవ్విన. వాడు బంతి తీసి తుడిచి, నా చేతుల పెట్టి పోయిండు.

అప్పటి సంది నేను నేర్పిన ఏ ఆటల నాకు ఆట కనపడలే. పిలగాండ్లు గెలిచొచ్చి దండలేసేటోళ్లు. ఇంటికి పోయి దండ తీసి గోడ మొలకు తగిలిచ్చి, ఎండి రాలిపోయే దాక సూసేటోన్ని. ఇప్పుడు నాకు పగటి పూట కూడ ఆ టైం కీపరు కాయిదం మీద ఊదిన సప్పుడు ఇనపడ్తది. నవ్వులాటకన్న మాట ఇంత దూరం వస్తదని నాకు తెల్వలే.

ఈడి దాక రాసిన కాయిదాలు తీసుకొని నిన్న దోస్తు ఇంటికి పోయిన. వానికి ఇప్పుడు దమ్ము రోగం ఎక్వైంది, నాలుగు మాటలకు ఒకసారి ఆగుతడు. కండ్లకు శుక్లాలు. అందుకని వాని పెండ్లామే పైకి సదివింది, ముంగట చాటల బియ్యం పెట్టుకొని. సగం గీత కాడ, "అన్నా, నీ నోరు పడిపోను," అని నవ్వింది. గంజి జాలి కాడ దోస్తు కూడ నవ్విండు, దగ్గు వచ్చే దాక. మస్టరు కాడికి వచ్చినంక ఆమె గొంతు మెల్లగయింది. ఒక్కొక్క మాట సదివి, కాయిదాలు చాట మీద పెట్టింది. నా దిక్కు సూడలే.

"ఇన్నవా?" అన్నది మొగని తోని.

"ఇన్న. ఆ దినమే ఇన్న," అన్నడు దోస్తు. "చైను ఎప్పుడో ఎక్కింది. సైకిల్ పట్టుకొని నిలబడ్డ."

"మరి ఇన్నేండ్లు ఎందుకు అడగలేవు?"

"వాడే చెప్తడని సూసిన."

నేను ఏమో అనబోయిన. అది నవ్వులాట అనో, భయం అనో, ఏదో ఒకటి. వాడు మూడు వేళ్ల చెయ్యి ఎత్తి ఆపిండు. దమ్ము తీసుకున్నడు.

"బంతి నువ్వేసినవని రాసుకో, నాకేం లేదు. సగం గీత కాడ నుంచే రాసుకో. నవ్వులాటకు అన్న అని రాసినవు సూడు, అది కొట్టెయ్యి. నీ మొకం నాకు ఎదురుంగనే ఉండె. ఆ దినం నువ్వు నవ్వలే."