నారాయణప్పకు ఒక గ్లాసు నీళ్లు

2003 ఎండాకాలం. రాప్తాడు దాటాక రోడ్డు పక్కన ఒక చర్చివాళ్లు నడిపే తాగుడు మాన్పించే ఇల్లు ఉండేది. నేను అక్కడ నర్సుని. పొద్దున ప్రార్థన, సాయంత్రం పాటలు, మధ్యలో నేనిచ్చే మాత్రలు. పాస్టరుగారిని అందరూ అయ్యగారు అనేవారు. మంచి మనిషే గాని, రోగానికీ దయ్యానికీ తేడా చూసే ఓపిక ఆయనకు తక్కువ.

ఓబులేసును భార్య తీసుకొచ్చి చేర్చింది. బోరు బండి మీద డ్రిల్లరు. తాగుడు ఆపిన రెండు మూడు రోజులకు, మిట్ట మధ్యాహ్నం, మంచం మీద ముడుచుకు కూర్చున్నాడు. కాలు కింద పెట్టడు. గచ్చు నిండా బోరు గుంతలున్నాయట, వాటిలోంచి తెల్ల దుమ్ము లేస్తోందట. మా సీమలో బోరు ఫెయిలైతే పైకొచ్చేది ఆ రాతి పొడే. చేతుల మీద లేని దుమ్మును దులుపుకుంటూనే ఉన్నాడు. దీన్ని మేము డి.టి. అంటాం. రోజూ తాగేవాడు ఒక్కసారిగా మానేస్తే లేనివి కనిపిస్తాయి. నీళ్లూ మాత్రలూ పడకపోతే ఫిట్స్ వచ్చి ప్రాణం కూడా పోవచ్చు.

అయ్యగారు ఇది దురాత్మ పని అని ఉపవాస ప్రార్థన పెట్టారు. రోగిని కూడా పచ్చి మంచినీళ్లు ముట్టనివ్వలేదు. నాకు ఒళ్లు మండింది. ఇతను చస్తే భూస్థాపన ప్రార్థన కూడా మీరే చేయాల్సొస్తుందని మొహం మీదే అన్నాను. ఆయన తగ్గారు. ఆస్పత్రికి ఫోన్ చేస్తే డాక్టరు మాత్రలు మొదలుపెట్టమని, జీపు పంపుతున్నానని చెప్పాడు. గ్లాసు తీసుకెళ్లి ఓబులేసు నోటి దగ్గర పెట్టాను.

మొహం తిప్పుకున్నాడు. "ముందు ఆయప్పకు ఇయ్యి సిస్టరూ. కాళ్లకాడ నిలబడుకోని ఉండాడు చూడు. నాకంటే ముందునుంచి దప్పికతో ఉండాడు."

ఎవరని అడిగాను. గోరంట్ల దిక్కు రైతు, నారాయణప్పట. ఆయన చేలో నీళ్లు పడవని ఓబులేసుకు తెలిసిపోయింది. అయినా అడుగుకింతని వచ్చే డబ్బు కోసం ఇంకా లోతుకు పోదామని ఎగదోశాడు. ఆ బోరు అప్పు తీర్చలేక నారాయణప్ప ప్రాణం తీసుకున్నాడు.

లేనిదాన్ని ఉందని రోగితో అనకూడదని మాకు నేర్పారు. నేను ఏం చేయాలో తోచక నిలబడిపోతే అయ్యగారు లేచారు. చచ్చినవాళ్లకు నీళ్లు పెట్టడం పాపమని ప్రతి ఆదివారం చెప్పే మనిషి, ఇంకో గ్లాసు ముంచి మంచానికి కాళ్లదిక్కున గచ్చు మీద పెట్టారు. ఎవరూ లేని చోటుకేసి చూస్తూ, "తాగు నారాయణప్పా" అన్నారు. ఓబులేసు కాసేపు అటే చూశాడు. తర్వాత గడగడా తాగి మాత్రలు మింగాడు. ఫిట్స్ రాకముందే జీపు వచ్చింది.

ఆ గ్లాసును ఎవరూ ముట్టుకోలేదు. అతను ఆస్పత్రి నుంచి తిరిగొచ్చేసరికి అందులో నీళ్లు లేవు, అడుగున తెల్లటి పొర ఉంది. మా నీళ్లు ఎండితే ఉప్పు అలాగే పేరుకుంటుందని నాకు తెలుసు. తెలిసినా కడగడానికి చెయ్యి రాలేదు.

కోలుకున్నాక చర్చిలో సాక్ష్యం చెప్పమంటే, ముందు నారాయణప్ప ఇంటికి పోవాలన్నాడు ఓబులేసు. అయ్యగారూ నేనూ వెంట వెళ్లాం. నారాయణప్ప భార్య గడపలో నిలబడి అతను చేసిందంతా వింది. తిట్టలేదు, ఏడవలేదు.

"దినామూ కల్లోకొచ్చి నీళ్లడుగుతాండె" అంది చివరికి. "పోయిన నెల కాడినుంచి వచ్చేది ల్యా. యాడన్నా తాగినాడేమో అనుకుంటి."

గ్లాసు సంగతి ఆమెకు మేమెవరమూ చెప్పలేదు.

ఓబులేసు మళ్లీ తాగలేదు. అది మందు గొప్పో ప్రార్థన గొప్పో తేల్చే పని నాది కాదు. కానీ ఆ తర్వాత ఏ రోగి అయినా ఎవరో నిలబడ్డారంటే, లేరని వాదించడం మానేశాను. మాత్రలు చేతిలో పట్టుకునే, వచ్చినవాళ్లకు ఏం కావాలో ముందు అడుగుతాను.