డాల్ఫిన్ల పాఠం

మా ఆయన అండమాన్ వెళ్ళి మూడో ఏడు నడుస్తోంది. టూరిస్టుల్ని సముద్రంలోకి తీసుకెళ్ళి డాల్ఫిన్లు చూపించే మోటారు పడవ నడుపుతారు. పుట్టింది మాత్రం కొల్లేటి లంకలో. కైకలూరు పక్కన చేసే చేపల చెరువు పని పోయాక, అండమాన్‌లో స్థిరపడ్డ మేనమామ రమ్మంటే వెళ్ళారు. నేను ఏలూరులో ఒక చిన్న స్కూల్లో ఐదో తరగతికి ఇంగ్లీషు చెప్పుకుంటూ ఉండిపోయాను.

కిందటి వేసవిలో ఆయన పర్మిట్ ఆపేశారు. తప్పు ఆయనదే. కొల్లేట్లో చేపల్ని వలవైపు తోలాలంటే దోనె అంచు మీద గడకర్రతో దబదబా బాదుతారు. చిన్నప్పటి నుంచి అలవాటు పడ్డ చెయ్యి. ఒకరోజు డాల్ఫిన్ల గుంపు దూరంగా పోతోందట, ఏమీ కనబడటం లేదని పడవలో వాళ్ళు గొడవ పెట్టారట. ఇంకేం, ఈయన కర్ర తీసుకుని పడవ అంచు బాదేశారు, అవి ఇటు తిరుగుతాయని! అవి మునిగి మళ్ళీ కనబడలేదు. వెనక పడవలో ఉన్న, పర్మిట్లిచ్చే ఆఫీసరు మాత్రం బాగానే కనబడ్డాడు.

రూల్సన్నీ నోటితో అప్పజెప్పి పాసైతేనే పర్మిట్ తిరిగిస్తామన్నారు. ఫెయిలైతే ఇంటికి రావడమే. ఆ మాట ఆయన దిగులుగా చెప్పారు. నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. సిగ్గుపడాల్సిన సంగతే, కానీ నిజం.

అడిగేది హిందీలో. అది ఆయనకు వచ్చేసింది. రూల్స్ కాగితం మాత్రం ఇంగ్లీషులో ఉంది. ఫొటో తీసి నాకు పంపి, "కాస్త తెలుగులో చెప్పవే" అన్నారు. అంతవరకూ ఆదివారాలే ఫోన్ చేసే మనిషి రోజూ సాయంత్రం చేయడం మొదలుపెట్టారు. వంటింట్లో బియ్యం డబ్బాకి ఫోన్ ఆనించి కూరగాయలు తరుగుతూ చెప్పేదాన్ని.

"ఎదురుగా వెళ్ళకూడదండీ. వెనకనుంచి తరమకూడదు. పక్కగా, వాటితోపాటే మెల్లగా వెళ్ళాలి. తల్లికీ పిల్లకీ మధ్య పడవ పోనివ్వకూడదు."

ఆయన మా ఐదో తరగతి పిల్లల్లాగే రాగం తీసి అప్పజెప్పేవారు. నవ్వాపుకోలేక చచ్చేదాన్ని. పెళ్ళయ్యాక ఇన్ని కబుర్లు ఎప్పుడూ చెప్పుకోలేదు మేము.

"అవి వెళ్ళిపోతుంటే వెళ్ళనివ్వాలి. వెంటపడకూడదు."

"అది నీకు ముందే వచ్చు కదే" అన్నారు ఆయన. "నేను బయల్దేరిన రోజు స్టేషన్‌కైనా రాలేదు."

కోపంతో వెళ్ళలేదు నేను. వెళ్ళి చొక్కా పట్టుకుని ఆపితే ఆగేవారేమోనని ఇప్పటికీ అనిపిస్తుంది. ఆ మాట ఆయనతో అనలేక, తర్వాతి రూల్ చదివాను.

పరీక్ష ముందురోజు నాకు పాడుబుద్ధి పుట్టింది. డాల్ఫిన్లు పడవ దగ్గరికి వస్తే ఇంజను న్యూట్రల్లో పెట్టి, అవి దూరమయ్యేదాకా కదలకూడదని కాగితంలో ఉంది. నేను, "గబగబా ఇంజను వేగం పెంచి వచ్చెయ్యాలండీ" అని చెప్పాను. ఆయన అనుమానమైనా పడకుండా మూడుసార్లు అప్పజెప్పారు.

ఫోన్ పెట్టేసి కంచం ముందు కూర్చున్నాను. ఆ ఇంజను రెక్క కింద ఏ పిల్ల డాల్ఫినో ఉంటే? పదినిమిషాలకే మళ్ళీ చేశాను.

"ఏవండీ, ఇందాక తప్పు చెప్పానండీ."

"నువ్వా? తప్పా?" అని పడీపడీ నవ్వారు. సరైనది చెప్పి, ఐదుసార్లు అనిపించాను.

మర్నాడు మధ్యాహ్నం స్కూల్లో ఉండగా ఫోన్ వచ్చింది. "ఒక్కటీ పోలేదే! ఎవరు నేర్పారయ్యా అని అడిగాడు ఆఫీసరు. మా ఆవిడ టీచరండీ అని చెప్పాను." అంత సంతోషం ఆయన గొంతులో విని ఎన్నాళ్ళయిందో. "రేపట్నుంచే పడవ ఇచ్చేస్తారంట. ఇంక రోజూ నీకీ శ్రమ ఉండదులే. ఆదివారం చేస్తాను."

"సరేనండీ" అన్నాను.

స్టాఫ్‌రూంలో సంగతి తెలిసి అందరూ కంగ్రాట్స్ చెప్పారు. నవ్వాను. పైట చెంగుతో కళ్ళు తుడుచుకుంటే ఆనందబాష్పాలనుకున్నారు. ఆయన్ని ఇంటికి రాకుండా చేసుకున్నది నేనేనని వాళ్ళకెలా చెప్పను?